తెరమీది బొమ్మ ఆల్బములో చేరు విధము

మారతహళ్ళిలోని తెలుగు ఇండ్లలో సాఫ్ట్‌వేరు పని చేయువారు మెండు. వారిని చూచి పిల్లలును కోడు వ్రాయ నేర్చుకొనుచున్నారు. మొన్నటి సెలవులలో మే మెరిగిన యొక బాలుడు ఐఫోనుకై చిన్న యాప్ వ్రాసినాడు. కెమెరాను భోజనపు బల్లవైపు త్రిప్పినచో, తెరమీద ఆ బల్లపై 'అ' అక్షరము చెక్కబొమ్మవలె నిలుచును. బల్ల నిజము, అక్షరము కల్పితము. రెంటిని కలిపి చూపు ఈ విద్యనే ఆగ్మెంటెడ్ రియాలిటీ యందురు. 2017లో ఆపిల్ సంస్థ ఏఆర్‌కిట్ అను సాధనమును వెలువరించిన పిదప ఐఫోనులో ఇది పిల్లలకును అందుబాటైనది.

ఆ దృశ్యమును ఫోటో తీసి ఊరిలోని అమ్మమ్మకు పంపవలెనని బాలుని కోరిక. ఏఆర్‌కిట్ దృశ్యఫలకమునకు స్నాప్‌షాట్ అను ఆజ్ఞ యున్నది. అది కెమెరా చూచిన బల్లను, పైన గీచిన అక్షరమును ఒకే చిత్రముగా చేసి యిచ్చును. అయితే ఆ చిత్రము తాత్కాలికము. యాప్ మూసినచో పోవును. ఆల్బములో దాచుటకు వేరొక ఆజ్ఞ కలదు. దాని పేరు చాంతాడంత! బాలుడు అదియు వ్రాసి బొత్తాము నొక్కినాడు. యాప్ ఉన్నట్లుండి మూతపడినది.

తప్పు ఆజ్ఞలో లేదు. 2017 నాటి ఐఓఎస్ 11 మొదలు, ఆల్బములో బొమ్మ చేర్చు యాప్ అది యెందులకో తెలుపు వాక్యమును తన వివరముల పట్టికలో ముందే వ్రాసియుంచవలెను. లేనిచో ఫోను దానిని అక్కడికక్కడే ఆపివేయును. అనుమతి కోరునపుడు తెరమీద కనబడునది ఆ వాక్యమే. అది ఇంగ్లీషులోనే యుండవలెనను నియమము లేదు. బాలుడు "మీరు తీసిన అక్షరపు బొమ్మను ఆల్బములో దాచుటకు" అని తెలుగున వ్రాసినాడు. ఇంటనున్న నాయనమ్మ తానే చదువుకొని అనుమతించినది.

తల్లిదండ్రులు గమనింపవలసిన దిక్కడ నున్నది. బొమ్మను చేర్చుట కొక అనుమతి, ఆల్బమునంతయు చూచుటకు వేరొక అనుమతి. మన ఉత్తరాల పెట్టెలో ఉత్తరము వేయుటకును, పెట్టె తెరచి అన్నియు చదువుటకును గల భేదమే యిది. మన ఆల్బములలో ఆధారు కార్డులు, మార్కుల పట్టికలు, చంటిపిల్లల స్నానపు ఫోటోలు నుండును గదా! నమూనా కోడును చూచి వ్రాయు పిల్లలు అవసరము లేకున్నను పెద్ద అనుమతినే అడుగుట మేము చూచితిమి. 2020 నాటి ఐఓఎస్ 14 మొదలు, చేర్చుటకు మాత్రమే అనుమతి కోరు మార్గము కోడులో స్పష్టముగా నున్నది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10 మొదలు, తాను తీసిన బొమ్మను మీడియాస్టోర్ ద్వారా చేర్చు యాప్‌నకు ఆ అనుమతియు అక్కరలేదు.

మరియొక లోపము పిదప బయటపడినది. అనుమతి నిరాకరించినను బాలుని యాప్ "దాచితిమి" అనియే చెప్పుచుండెను. ఫోను నుండి జవాబు వచ్చువరకు ఆగి చెప్పునట్లు దిద్దినాడు. బొమ్మ అమ్మమ్మకు చేరినది. 'అ' కొంచెము పక్కకు ఒరిగినదని ఆమె జవాబు.