డీజిల్ బండికి దీర్ఘాయువు

డీజిల్ ఇంజిన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ ఉండదు. సిలిండర్లోని గాలిని పదహారు, ఇరవై రెట్లు కుదిస్తే ఆ గాలే ఐదువందల డిగ్రీలు దాటి కాగుతుంది. అందులో చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టింది ఈ ఆలోచన మీదే. 1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షిస్తే, ఆయన ఇంజిన్ ఇంధనశక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి మామూలు ఆవిరి యంత్రాలకు పది శాతం దాటడమే గగనం.

అయితే డీజిల్ చిమ్మడానికి అప్పట్లో విడిగా పెద్ద కంప్రెసర్ కావాలి. అది కారులో పట్టే సరంజామా కాదు. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్దయెత్తున తయారుచేయడంతో ఆ అడ్డు తొలగింది. 1936లో మెర్సిడెస్ 260డి కారు వచ్చింది. దాన్ని చూడడానికి రుడాల్ఫ్ లేడు. 1913లో ఇంగ్లిష్ ఛానల్ దాటుతూ ఓడ మీంచి మాయమయ్యాడు. మనకు 1998 చివర్లో ఇండికా, 2007లో ఫియట్ 1.3 లీటర్ల ఇంజిన్‌తో డీజిల్ స్విఫ్ట్ వచ్చాయి.

గాలిని అన్ని రెట్లు కుదించే ఒత్తిడిని తట్టుకోవాలి కనుక డీజిల్ ఇంజిన్‌ను దిట్టంగా పోతపోస్తారు. అయినా దాన్ని ముందుగా తినేసేది దుమ్ము, నీళ్లు, మసి. ఈ మూడింటినీ చాలావరకు ఇంటి దగ్గరే అడ్డుకోవచ్చని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్‌లోని కాటేదాన్ పారిశ్రామికవాడలో తిరిగే బండికి మొదటి శత్రువు దుమ్మే. ఎయిర్ ఫిల్టర్‌ను దాటిన సన్నని ఇసుక టర్బో రెక్కలను కొరికి, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. ఆపైన ఆయిల్ తగ్గిపోవడం, నీలిపొగ మొదలవుతాయి. ఫిల్టర్ మార్చడానికి మాన్యువల్లో రాసిన కిలోమీటర్లు ఇక్కడి రోడ్లకు ఎక్కువే, ముందుగానే మార్చాలి. పాతదానికి కంప్రెసర్ గాలి కొట్టించి మళ్లీ బిగిస్తే కాగితానికి కంటికి ఆనని చిల్లులు పడే ప్రమాదముంది.

డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు చేరతాయి, వానాకాలంలో మరీనూ. కింద మర ఉన్న మోడళ్లలో దాన్ని వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా నీళ్లను ఒక డబ్బాలోకి దింపాలి. ఫిల్టర్ మార్చాక ఎయిర్ పట్టి బండి స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ కొడుతూ బ్యాటరీని చంపొద్దు. చేతిపంపు ఉంటే దానితో గాలి తీసేయాలి.

కొత్త ఆయిల్ పోసిన కొద్దిసేపటికే నల్లబడిందని కంగారుపడేవాళ్లు చాలామంది. మసిని ఇంజిన్‌కు అంటుకోనివ్వకుండా తనలో కలుపుకోవడం ఆ ఆయిల్ పనే. రంగును కాదు, కిలోమీటర్లనూ నెలలనూ చూసి మార్చండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి. కొత్త ఆయిల్ ఫిల్టర్ రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి బిగించండి. పొగగొట్టంలో మసి ఫిల్టర్ ఉన్న బండికి తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయాలి. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. ఔటర్ రింగ్ రోడ్డు మీద జోరుగా వచ్చి ఆగగానే తాళం తిప్పేయకుండా, టర్బో చల్లబడేలా ఒక నిమిషం ఇంజిన్ నడవనివ్వండి.

ఇంజెక్టర్లు, వాటి గొట్టాల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంజెక్టర్లకు డీజిల్ పంచే కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి 1,600 బార్లకు చేరగలదు. టైరు గాలి కంటే దాదాపు ఏడువందల రెట్లు. అక్కడ లీకైన సన్నని ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయాలి.

చివరిగా, బండిలోంచి దింపిన నల్ల ఆయిల్ సంగతి. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం మోతాదు మించి ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. ఇక్కడి నూర్ మహమ్మద్ కుంట పరిశ్రమల వ్యర్థాలతో ఎన్నో ఏళ్లు పాడైంది. మీ బండి ఆయిల్‌ను మోరీలో పోయకండి. క్యాన్‌లో నింపి మూతపెట్టి, వాడిన ఆయిల్‌ను శుద్ధిచేసే అనుమతి ఉన్నవాళ్లకు చేరేలా సర్వీస్ సెంటర్లో అప్పగించండి.