రెండు పోటీ కంపెనీలలో ఒకే డైరెక్టరు

రెండు పడవలపై కాళ్లు మోపినవాని గతి యేమగునో మన పెద్దలు సామెతలోనే చెప్పియున్నారు. ఆ సామెత కాళ్లు మోపినవానిని గూర్చినది. ఆ రెండు పడవలలో కూర్చున్న ప్రయాణికుల మాట యేమి? నేటి ప్రసంగమున ఆ ప్రయాణికుల పక్షమున నాలుగు మాటలు విన్నవింపదలచితిని. ఒకదానితో నొకటి పోటీపడు రెండు కంపెనీల పాలకవర్గములలో ఒకే వ్యక్తి యుండుటవలన గలుగు చిక్కులేవి, వానికి విరుగుడేమి యనునదే నా విషయము.

కంపెనీ యనగా అనేకులు తమ ధనమును వాటాలుగా వేసి నడపు వ్యాపారసంస్థ. వేలకొలది వాటాదారులు నిత్యమును కూడి ఆలోచింపజాలరు గనుక, కొందరిని ఎన్నుకొని వారికి పర్యవేక్షణము నప్పగింతురు. వీరే డైరెక్టర్లు, వీరి సభయే బోర్డు. రాబోవు రెండు మూడేండ్లలో ఏ వస్తువును తయారుచేయవలెను, దాని వెల యెంత యుండవలెను, ఏ చిన్న కంపెనీని కొనవలెను, ఏ నిపుణుని పనిలోనికి తీసికొనవలెను అను గుట్టులన్నియు ఆ సభలో బయటపడును. వాని నెరిగినవాడు ఆ కంపెనీ మేలునే కోరవలెను. ఇది ధర్మము, చట్టమును ఇదియే. అట్టివాడే మరునాడు పోటీ కంపెనీ సభలో కూర్చున్నయెడల ఎవరి మేలు కోరును? ఇద్దరును ఒకే కొనుగోలుదారుని కొరకు పెనగులాడునప్పుడు ఒకరి లాభము తరచుగా రెండవవారి నష్టము. ఇరువురికిని నూరుపాళ్లు విశ్వాసపాత్రుడై యుండుట ఎంతటి సత్పురుషునికైనను అలవి కాదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. అమెరికాలో 1912-13 సంవత్సరములలో పూజో అను శాసనసభ్యుని అధ్యక్షతన ఒక యుపసంఘము పెద్ద బ్యాంకుల వ్యవహారమును విచారించెను. మోర్గన్ వర్గమును, దానితో జతకట్టిన కొలది బ్యాంకులవారును కలిసి 112 కంపెనీలలో 341 డైరెక్టరు పదవులను చేజిక్కించుకొనిరని అందు తేలెను. పోటీపడవలసినవారే యొక బల్లచుట్టు కూర్చున్నచో ధరలు తగ్గుటెట్లు? అందుచేత 1914లో క్లేటన్ చట్టము పుట్టినది. పోటీపడు రెండు కంపెనీలకు ఒకే వ్యక్తి డైరెక్టరుగా నుండరాదని దాని 8వ సెక్షను విధించెను. 1990లో బోర్డు నియమించు పెద్ద అధికారులకును ఈ నిషేధమును వర్తింపజేసిరి. ఆ రెండు కంపెనీల నడుమ పోటీగల వ్యాపారము స్వల్పమైనచో మినహాయింపు కలదు. ఎన్నికైన పిమ్మట పోటీ యేర్పడినచో తప్పుకొనుటకు ఒక సంవత్సరము గడువును కలదు. గుట్టు బయటికి పోయెనా లేదా యని ఈ సెక్షను విచారింపదు. రెండు పీఠములపై కూర్చుండుటయే కూడదనును. దీనిలోని వివేకమును ఒక యుదాహరణముచే తెలుపుదును.

గూగుల్ కంపెనీకి 2001 మొదలు ఎరిక్ ష్మిట్ ముఖ్య కార్యనిర్వహణాధికారి. ఆయన 2006 ఆగస్టులో ఆపిల్ కంపెనీ బోర్డులో డైరెక్టరుగా చేరెను. ఆనాటికి ఒకరిది వెదకుట, పటములు మొదలగు సేవల వ్యాపారము, వేరొకరిది కంప్యూటరు యంత్రముల వ్యాపారము. 2007 జనవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐఫోనును లోకమునకు చూపినప్పుడు ష్మిట్ వేదికనెక్కి అభినందించెను. ఆ ఫోనులోని పటములు గూగుల్‌వే. అయితే ఆండ్రాయిడ్ అను చిన్న కంపెనీని గూగుల్ 2005లోనే కొనియుండెను. ఆ పేరిటనే ఫోన్లను నడపు సాధనమును 2007 నవంబరులో ప్రకటించినది. ఆ సాధనముతో నడచు మొదటి ఫోను 2008 అక్టోబరులో అంగళ్లకు వచ్చెను. అంతకు నెల ముందే ఆపిల్ వారి సఫారీకి పోటీగా గూగుల్ క్రోమ్ బ్రౌజరు వచ్చియుండెను. 2009 జూలైలో కంప్యూటర్లనే నడపు సాధనమును చేయుచున్నామని గూగుల్ ప్రకటించెను. ఇట్లు మూడేండ్లలో మిత్రులు ప్రత్యర్థులైరి.

ఐఫోను ప్రస్తావన వచ్చినప్పుడు ష్మిట్ సభనుండి లేచి వెలుపలికి పోవు ఏర్పాటుండెను. ఇది లోకమున వాడుకలో నున్న విరుగుడే. చిన్న చిక్కునకు చాలును కూడ. పోటీయే ప్రధానమైనప్పుడు మాత్రము చాలదని నా యభిప్రాయము. ఏలననగా, మనుష్యుడు గదిని విడువగలడు గాని తెలిసిన దానిని విడువజాలడు. ఫోనును గూర్చి విననివాడు ధన వ్యయమును గూర్చి, క్రొత్త నియామకములను గూర్చి వినును. వానినిబట్టి మిగిలినది ఊహింపవచ్చును. బయటికి పొమ్మనుటయే ఒక కబురు: లోపల తన వ్యాపారమునకు సంబంధించినదేదో నడచుచున్నదని అతనికి తెలియును. అన్నిటికంటె ముఖ్యమైనది వాటాదారుల నష్టము. సలహా కొరకు కూర్చుండబెట్టినవాడు ముఖ్యమైన ప్రతి చర్చకును లేచిపోవుచుండినచో ఆ పీఠము ఖాళీగా నున్నట్లే గదా.

2009లో అమెరికా వాణిజ్య సంఘమైన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ సంగతిని విచారింప నారంభించెను. ఆ సంవత్సరము ఆగస్టు 3న ష్మిట్ ఆపిల్ బోర్డునుండి వైదొలగెను. సమావేశములలో ఇంకను పెద్ద భాగములకు ఆయన దూరముగా నుండవలసివచ్చును గనుక ఆయన వలన ప్రయోజనము తగ్గునని జాబ్స్ కారణము చెప్పెను. ఉభయ బోర్డులలోను ఆర్థర్ లెవిన్సన్ అను మరియొక డైరెక్టరుండెను. ఆయన అక్టోబరులో గూగుల్ బోర్డును విడిచెను. 2010 మార్చిలో ఆండ్రాయిడ్ ఫోన్లను చేయు హెచ్‌టీసీ కంపెనీపై ఆపిల్ దావా వేసెను. ష్మిట్ గుట్టు నందించెనని ఏ న్యాయస్థానమును తేల్చలేదు. కావున ఆయనపై ఆ నింద మోపుట న్యాయము కాదు. కాని తరువాత వైరము ముదిరినప్పుడు, ఎంతటి నిర్దోషియైనను అనుమానమునుండి తప్పించుకొనుట దుర్లభము. పీఠమును సకాలమున విడుచుట ఆ పీఠముపై కూర్చున్నవానికిని రక్షణయే.

ఒక యాక్షేపణ కలదు. విద్య తెలిసినవారు కొలదిమందియే. వారిని దూరము చేసినచో బోర్డులకు జ్ఞాన మెచ్చటనుండి వచ్చునని కొందరందురు. ఇందు సత్యము లేకపోలేదు. 2006లో ష్మిట్‌ను పిలుచుట దోషమని నేననను. స్నేహము పోటీగా మారుచున్నదని కనుగొని, ఆనాడే లెక్క చూచుకొనుట యవసరము. కృత్రిమ మేధా వ్యాపారమున నిట్టిదే జరిగెను. ఓపెన్‌ఏఐ బోర్డునుండి రీడ్ హాఫ్‌మన్ 2023 మార్చిలో, తన యితర పెట్టుబడులతో చిక్కు రావచ్చునని చెప్పి తప్పుకొనెను. ఓటు లేని పరిశీలకుని స్థానమును సైతము మైక్రోసాఫ్ట్ 2024 జూలైలో విడిచిపెట్టెను.

మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము 166వ సెక్షనులో, డైరెక్టరు తన స్వార్థము కంపెనీ మేలుతో ఢీకొను స్థితిలో చిక్కుకొనరాదని శాసించినది. 184వ సెక్షను ప్రకారము తనకు సంబంధముగల యితర సంస్థలను అతడు ప్రతి ఆర్థిక సంవత్సరపు మొదటి బోర్డు సమావేశమున తెలుపవలెను. తనకు సంబంధముగల ఒప్పందము చర్చకు వచ్చినప్పుడు అందు పాల్గొనరాదు.

ఈ కంపెనీలు దూరదేశములవి, మనకేమి యనుకొనరాదు. మన యిండ్లలోని సెల్‌ఫోన్లలో అధిక భాగము ఆండ్రాయిడ్‌తో నడచునవే. ఆ రెండు కంపెనీలు నిజముగా పోటీపడినగాని మనకు మంచి వస్తువు సరసమైన వెలకు దొరకదు. కావున మీలో వాటాదారులైనవారును, సహకార సంఘములలో ఓటుగలవారును, ఒకరిని పాలకవర్గమునకు పంపునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఇతడింకెక్కడ కూర్చున్నాడు? ఆ చోటికిని మనకును పోటీ కలదా? పోటీ వచ్చిననాడు ఏ పీఠమును విడుచును? ఈ మూడింటికి ముందుగానే సమాధానము చెప్పగలవానికే మీ యోటు నిండు.