రంగు మక్కల విత్తనం పోనీయకండి

ఎరుపు, ఊదా, నలుపు, తెలుపు... ఒకే కంకిలో ఇన్ని రంగుల గింజలుంటే చూడముచ్చటగా ఉంటుంది. మక్కజొన్న అంటే పసుపు గింజే అనుకుంటాం గానీ, దాని పుట్టిల్లు మెక్సికోలో రైతులు వేల ఏళ్లుగా అన్ని రంగుల మక్కలూ పండిస్తున్నారు. మన దేశంలో సిక్కిం, మిజోరం కొండ పొలాల్లోనూ రంగు మక్కలున్నాయి. ఊళ్లలో మిగిలిన పాత విత్తనం దుకాణంలో దొరకదు. ఏటా వేసి దాచుకునే రైతు ఇంట్లోనే అది బతుకుతుంది. ఆ రైతు మానేస్తే అంతే సంగతులు.

ఒక్క రైతు పట్టుదల

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో కార్ల్ బార్న్స్ అనే రైతు ఉండేవారు. ఆయన పూర్వీకుల్లో చెరోకీ తెగవారున్నారు. 19వ శతాబ్దంలో సొంత నేల నుంచి వెళ్లగొట్టిన తెగలు వెంట తెచ్చుకున్న మక్క రకాలు కాలక్రమంలో చాలావరకు కనుమరుగయ్యాయి. బార్న్స్ తన చేలో వేరే రంగు కంకి కనిపిస్తే విడిగా తీసి, మళ్లీ విత్తి, ఏళ్ల తరబడి పాత రకాలను వేరు చేశారు. గాజుపూసల్లా మెరిసే ‘గ్లాస్ జెమ్’ రకం ఆయన చేలోదే. 2012లో దాని ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 2016లో బార్న్స్ చనిపోయారు. ముందే విత్తనం పంచిపెట్టారు కాబట్టి అది నిలిచింది. ఈ రకం పేలాలకు, పిండికి పనికొస్తుంది గానీ పచ్చి కంకి కాల్చుకు తినేది కాదు.

గాలితోనే చిక్కు

మక్క పుప్పొడి గాలికి ఎగిరి పక్క మొక్కల పీచు మీద పడుతుంది. ఒక్కో పీచు పోగుకు ఒక్కో గింజ. పక్క చేలో హైబ్రిడ్ ఉంటే మన రకం కలుషితమైపోతుంది. తెల్ల మక్కలో పసుపు గింజలు వస్తే కలిసిందని ఆ పంటలోనే తెలుస్తుంది. ఎర్ర మక్కలో అలా కాదు. చాలా రకాల్లో ఎరుపు గింజ పైపొరలో ఉంటుంది, ఆ పొర తల్లి మొక్కది. కాబట్టి కల్తీ మరుసటి పంటలో గానీ బయటపడదు.

ఏం చేయాలి?

* ఇతర మక్క చేలకు కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి. 400 మీటర్లయితే మరీ మంచిది.
* దూరం కుదరకపోతే పక్క రైతుతో మాట్లాడుకుని 3, 4 వారాలు ముందో వెనకో విత్తండి. రెండు చేలూ ఒకేసారి పూతకు రాకూడదు.
* ఒకే పొడవాటి సాలు కాకుండా నాలుగు పలకలుగా మడి వేయండి. గింజ బాగా కడుతుంది.
* పది, ఇరవై మొక్కల నుంచే ఏటా విత్తనం తీస్తే తరతరానికి పంట నీరసిస్తుంది. వందకు తగ్గకుండా మంచి మొక్కల కంకులు తీసుకోండి. కంకి అందమే కాదు, మొక్క బలం, తెగుళ్లకు తట్టుకునే గుణమూ చూడాలి.
* కంకులు బాగా ఎండాక నడిమి గింజలే విత్తనానికి ఒలవండి. తేమ 12 శాతం మించకూడదు. డబ్బాలో గాలి చొరకుండా మూత బిగించండి.
* ఉన్న విత్తనమంతా ఒకే ఏడు వేయకండి. వాన ముఖం చాటేస్తే మొదలుకే మోసం. సగం దాచండి.

లాభనష్టాలు

పాత రకం హైబ్రిడ్ అంత దిగుబడి ఇవ్వదు. కాబట్టి చేనంతా మార్చనక్కర్లేదు. నాలుగైదు గుంటలు చాలు, దానికి కిలో విత్తనం సరిపోతుంది. హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ వేస్తే దిగుబడి పడిపోతుంది, ఏటా కొనక తప్పదు. పాత రకానికి ఆ ఖర్చు లేదు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం విత్తనం దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం రైతు హక్కు. బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు.

మీ ఊళ్లో ఏ పెద్దమ్మ ఇంటి దూలానికో పాత మక్క కంకులు వేలాడుతుంటే ఈ తొలకరికే అడిగి తెచ్చుకోండి. విత్తనం పాతబడేకొద్దీ మొలక శక్తి తగ్గుతుంది. ముందుగా కొన్ని గింజలు తడిగోనెలో చుట్టి మొలక చూసుకోండి. పండాక మరో ఇద్దరికి దోసెడేసి పంచండి. మీ చేలో పోయినా వాళ్ల చేలో ఉంటుంది.