ఫీజుతో పాటు ఒక పుస్తకం

బడులు తెరిచే జూన్ నెల వస్తే మన దాతలు పిల్లల ఫీజులు కడతారు, నోటుపుస్తకాలు, యూనిఫాంలు ఇస్తారు. కాస్త పెద్ద పిల్లలకు పోటీ పరీక్షల గైడ్లు కొనిస్తారు. ఇవన్నీ అవసరమే. అయితే పరీక్ష అయిపోగానే గైడు పాత కాగితాల తూకానికి వెళ్తుంది. లోకాన్ని చూసే తీరును మార్చిన పుస్తకం మాత్రం మనిషి వెంట ఉండిపోతుంది. ఫీజుతో పాటు అలాంటి పుస్తకం ఒకటి ఇవ్వాలనుకునే వారి కోసం ఈ నాలుగు మాటలు.

మన పక్కనే ఉన్న ఖజానా

హబ్సిగూడ, తార్నాకలను ఆనుకుని ఉన్న ఉస్మానియా ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో మొదలైంది. పాత అరబ్బీ రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు సరిదిద్ది అచ్చు వేయడం దాని పని.

వెయ్యేళ్ల కిందటి ఇబ్న్ అల్ హైసమ్ సంగతి చూడండి. కంటి నుంచి కిరణాలు వెళ్లి వస్తువును తాకడమే చూపు అని అంతకు ముందు ఎందరో పండితులు నమ్మేవారు. కాదు, వస్తువు నుంచి వెలుగు కంట్లోకి రావడం వల్లే చూస్తున్నామని ఆయన చెప్పారు. నమ్మకం మీద కాదు, పరీక్షించి చెప్పారు. ఆ గ్రంథానికి కమాలుద్దీన్ ఫారసీ వ్యాఖ్యానం రాశారు. నీళ్లు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో వివరించింది ఈయనే. ఆ వ్యాఖ్యానాన్ని 1928-30లో అచ్చు వేసింది మన దాయిరానే. అర్-రాజీ వైద్య గ్రంథం 'అల్ హావీ' 1955 నుంచి సంపుటాలుగా వెలువడిందీ ఇక్కడి నుంచే.

మరి మన పిల్లల్లో ఎంతమంది వీటిని చదవగలరు? అవి అరబ్బీలో ఉన్నాయి. మన పిల్లలు బడిలో నేర్చేది తెలుగు, ఇంగ్లీషు. ఇలాంటి చిక్కుకు ఈ ప్రాంగణమే ఒకప్పుడు దారి చూపింది. ఉస్మానియా 1918లో ఏర్పడింది. అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, న్యాయం వంటి విషయాల పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించడం మొదలుపెట్టారు. పుస్తకం ఎంత గొప్పదైనా చదివేవాడి భాషలో అందితేనే పని చేస్తుంది. మనం ఇచ్చే పుస్తకాన్నీ అలాగే ఎంచుకోవాలి.

ఇవ్వదగిన ఐదు పుస్తకాలు

'ఒక విజేత ఆత్మకథ': అబ్దుల్ కలాం ఆత్మకథకు వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన అనువాదం. రామేశ్వరంలో చిన్నప్పుడు పత్రికలు పంచిన కుర్రవాడు రాకెట్ల దాకా వెళ్లిన కథ. తొమ్మిదో తరగతి నుంచి ఇవ్వవచ్చు.

'దర్గామిట్ట కతలు': మహమ్మద్ ఖదీర్‌బాబు రాసినవి. నెల్లూరు సీమ ముస్లిం ఇంటి చిన్నతనం, నవ్విస్తూ సాగుతుంది. తన ఇంటి మాటలు తెలుగు పుస్తకంలో కనబడటం పిల్లలకు కొత్త ధైర్యం. మనవి కాని ఇళ్లకూ కానుకగా ఇవ్వదగినది.

'సుల్తానాస్ డ్రీమ్': రొకేయా సఖావత్ హుసేన్ ఇంగ్లీషులో రాసిన చిన్న కథ, 1905లో మద్రాసు పత్రికలో వచ్చింది. అందులో మగవారు ఇంటి నాలుగు గోడల మధ్య ఉంటారు. ఆడవారు సూర్యరశ్మిని వాడుకుంటూ దేశాన్ని నడుపుతారు. ఇంటర్ చదివే అమ్మాయిలకు ఇవ్వండి. అబ్బాయిలకూ ఇవ్వండి.

'పుట్టుమచ్చ': ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత, 1991. పుట్టిన నేలమీదే అనుమానపు చూపులు మోసేవాడి బాధ. డిగ్రీ పిల్లలకు. ఒంటరిగా చదవనివ్వకండి, పెద్దవారు పక్కన కూర్చుని మాట్లాడాలి.

'కితాబుల్ హింద్': అల్ బిరూనీది. సఖావ్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1888 నుంచి ఉంది. అరబ్బీ మూలాన్ని దాయిరా 1958లో అచ్చు వేసింది. గజనీ కొలువులో ఉంటూనే ఆయన సంస్కృతం నేర్చుకున్నారు. హిందువుల నమ్మకాలను వారు చెప్పుకునే రీతిలోనే రాశారు, ఖండించడానికి పూనుకోలేదు. మహమూద్ దండయాత్రలు ఈ దేశపు సిరిని చెరిపాయని కూడా దాచకుండా రాశారు. పొరుగువారిని తెలుసుకోవడం ఎలాగో దీన్ని మించి చెప్పే పుస్తకం అరుదు.

ఎలా ఇవ్వాలి?

కట్టలుగా పంచితే అవి అటక ఎక్కుతాయి. ఒక బిడ్డకు ఒక పుస్తకం, ఆ బిడ్డ వయసు, భాష చూసి ఇవ్వండి. నెల తర్వాత పిలిచి అడగండి, కానీ పరీక్ష పెట్టవద్దు. "ఇది చదవక ముందు ఏమనుకునేవాడివి, ఇప్పుడేమనుకుంటున్నావు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. చదివాక పుస్తకం మరో బిడ్డ చేతికి వెళ్లాలి. అలా చేతులు మారినన్నాళ్లూ అది సదఖయె జారియానే.

ఈసారి ఫీజు రసీదు రాయించేటప్పుడు, మొత్తం పక్కన ఒక పుస్తకం పేరు కూడా రాయించండి.