బొత్తాం చెప్పే కబుర్లు: మన్యంలో దొరగారి డ్రెస్సు

అరకు అనగానే మన సినిమావాళ్ళకి డ్యూయెట్టే గుర్తుకొస్తుంది. పొగమంచు, వలిసె పూల పసుపు, థింసా ఆడే అమ్మాయిల వరస... కెమెరా పెడితే చాలు, ఫ్రేమ్ దానంతటదే కుదిరిపోతుంది. కాని అవే కొండల్లో పాడేరు దాటి చింతపల్లి వైపు సాగితే కథ మారిపోతుంది. అక్కడ మోగింది తుపాకి!

1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ ఔట్‌డోర్ ఆ చింతపల్లి కొండల్లోనే జరిగింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. దర్శకుడు వి.రామచంద్రరావు సినిమా మధ్యలోనే కన్నుమూస్తే, పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్.దాస్ చూసుకున్నారు, మిగతాది హీరో కృష్ణే పూర్తి చేశారు. ఇవన్నీ అభిమానులకి కంఠతా వచ్చిన సంగతులే. ఇప్పుడు మనం చూడబోయేది హీరోగారిని కాదు, ఆయనకి ఎదురుగా నిలబడ్డ దొరల డ్రెస్సుని. అందులో ప్రతి బొత్తానికీ, ప్రతి పట్టీకీ ఓ కథ ఉంది మరి.

ముందుగా ఓ చిన్న చిక్కు విప్పుకోవాలి. జగ్గయ్యగారి కంచు కంఠం పుణ్యమా అని, మనలో చాలామందికి రూథర్‌ఫర్డ్ అంటే మిలిటరీ దొర అనే లెక్క. అసలు రూథర్‌ఫర్డ్ సైనికుడు కాడు! ఐ.సి.ఎస్. అధికారి, అంటే కలెక్టర్ల కోవకి చెందిన మనిషి. దర్బారు రోజున బంగారు జరీ కోటు, మొలకి కత్తి ఆ సివిల్ దొరలకీ ఉండేవి. అడవిలో మాత్రం వాటితో ఏం పని?

అడవి డ్రెస్సంటే ఖాకీ. ‘ఖాక్’ అంటే పారశీకంలో మట్టి, దుమ్ము. 1846లో పెషావరులో ‘గైడ్స్’ దళాన్ని లేవదీసిన హ్యారీ లమ్స్‌డెన్, ఎర్ర కోట్లు పక్కన పెట్టి తన వాళ్ళకి మట్టిరంగు బట్టలు తొడిగించాడు. రాళ్ళల్లో, దుమ్ములో మనిషి కనపడకూడదు, అదీ ఉపాయం. ఎర్ర కోటు చూపించుకోవడానికి, ఖాకీ దాచుకోవడానికి. సైనిక దుస్తుల చరిత్రంతా ఈ రెంటి మధ్య పెనుగులాటే!

ఆ పెనుగులాట మన మన్యంలో రక్తం కళ్ళచూసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు కొట్టాడు రాజు. 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు పట్టుకుపోతూ, ఏమేం తీసుకెళ్ళాడో స్టేషను రికార్డులో రాసి మరీ సంతకం పెట్టాడు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల పోలీసు అధికారులు నేలకొరిగారు. వాళ్ళకి ముందు నడిచిన నల్ల పోలీసుల్ని మన్యం వీరులు చూసీ చూడనట్టు పోనిచ్చారు. మనవాళ్ళ మీద గుండు పడకూడదని రాజు ఆన. వెనక వచ్చిన దొరల మీదే పేలింది తుపాకి.

ఆకుల సందులోంచి చూసేవాడు ఎవరు దొరో, ఎవరు జవానో ఎలా పోల్చుకున్నాడు? ముఖం రంగు ఒకటి, సరే. తలపాగాకీ దొర టోపీకీ ఉన్న తేడా చాలదూ? ‘నేను అధికారిని’ అని చాటడానికి పెట్టుకున్నది గురి పెట్టేవాడికే పనికొచ్చిందంటే వింతేముంది?

ఈ పాఠం ఇంగ్లీషువాళ్ళకి కొత్తదేం కాదు లెండి. బోయర్ యుద్ధంలో శత్రువులు వెతికి వెతికి అధికారుల్నే కొడుతుంటే, వాళ్ళు కత్తులు వదిలేసి సిపాయిల మాదిరిగా రైఫిళ్ళు పట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ముంజేతి పట్టీల మీద మెరిసే హోదా గుర్తులు భుజాల మీదికి ఎక్కాయి. అదీ ప్రాణభయంతోనే!

ఛాతీ మీద ఏటవాలుగా పోయే ఆ తోలు పట్టీ ఉంది చూశారూ, సామ్ బ్రౌన్ బెల్టు, అది నాకు మరీ ఇష్టమైన కథ. సామ్ బ్రౌన్ అనే దొరకి 1858లో మన దేశంలోనే జరిగిన పోరులో ఎడమ చెయ్యి తెగిపోయింది. కత్తి దూయాలంటే ఒక చెయ్యి ఒరని పట్టుకోవాలి గదా! ఆ చెయ్యే లేదాయె. అందుకని కుడి భుజం మీదుగా ఓ పట్టీ వేసి ఒరని కదలకుండా బిగించాడు. అవిటితనానికి కనిపెట్టిన ఉపాయం, రెండు చేతులూ ఉన్నవాళ్ళకి కూడా దర్జా అయి కూర్చుంది. మన సినిమా ఇన్‌స్పెక్టరు గుండె మీద మెరుస్తున్నది ఆ బెల్టే.

కాళ్ళకి చుట్టే ‘పటీ’ కూడా మన ‘పట్టీ’యే, ఇంగ్లీషువాడు పేరుతో సహా పట్టుకుపోయాడు. పదాతి సిపాయి చీలమండ నుంచి మోకాలికి చుడతాడు, గుర్రపు రౌతు మోకాలి నుంచి కిందికి చుడతాడు. క్లోజప్పులో కాళ్ళు చూపించే డైరెక్టర్లూ, కాస్త గమనించండి! కోటు చేతులకి బొత్తాలెందుకంటే, సిపాయిలు చీమిడి చేతికి తుడుచుకోకుండా పెట్టారని ఓ కబురుంది. కొందరు నెపోలియన్‌కీ, కొందరు నెల్సన్‌కీ అంటగడతారు. కబురే, నమ్మనక్కర్లేదు. నవ్వుకోవడానికి బాగుంది.

భుజాల సంగతి మాత్రం నవ్వులాట కాదు. రెండు నక్షత్రాలు పెడితే సైన్యంలో లెఫ్టినెంటు. అవే రెండు నక్షత్రాల పక్కన ఎరుపు, నీలం రిబ్బను చేరిస్తే సబ్ ఇన్‌స్పెక్టరు. ఆ వేలెడు రిబ్బను మరిచిపోయి మన సినిమాల్లో ఎందరు ఎస్సైలు రాత్రికి రాత్రి మిలిటరీలో చేరిపోయారో! స్వాతంత్ర్యానికి ముందు కథ తీసేవాళ్ళు చేసే పొరపాటు ఇంకోటుంది. ఆనాటి మేజరు భుజాన ఉండాల్సింది కిరీటం. 1950 జనవరి 26 తరువాతే దాని చోట అశోకుడి సింహాలొచ్చాయి. 1922 కథలో దొర భుజం మీద మూడు సింహాలు కనిపిస్తే సీతారామరాజు ఎవరితో పోరాడినట్టు?

దొరతనం మరో తమాషా కూడా చేసింది. కలెక్టరు బంగళా గుమ్మం దగ్గర ఎర్ర డవాలీ, తలపాగాతో నిలబడే దఫేదారుని చూసే ఉంటారు. ‘దఫేదార్’ అసలు అశ్వికదళంలో హోదా, హవల్దారుకి సమానం. మన సైన్యంలో ఆ పేరు ఇప్పటికీ ఉంది. గుర్రమెక్కి కత్తి తిప్పే వాడి పేరూ డ్రెస్సూ చివరికి తలుపు తీసేవాడికి మిగిలాయి.

2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’లో రామరాజుకే పోలీసు యూనిఫారం తొడిగారు. చరిత్రలో రాజు ఎన్నడూ తొడగలేదు గాని, ఆ ఊహలో పస లేకపోలేదు. ఖాకీలో ఉన్నంతసేపూ రామ్‌చరణ్‌ని చూస్తే మనకే భయమేస్తుంది. మన్యం జనానికి ఖాకీ అంటే ఏమిటో ఆ భయంలో కొంత తెలుస్తుంది. అది కనపడిందంటే రోడ్డు పనికి వెట్టికో, అడవి కేసుకో పిలుపొచ్చినట్టే.

మళ్ళీ ఎవరైనా ఆ కథ తెరకెక్కిస్తే కాస్ట్యూమర్‌కి ఒక్క మాట. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపించిన గూడాల్ అస్సాం రైఫిల్స్ మేజరు. భుజాన సింహాలు కాదు, కిరీటం పెట్టండి. ఇత్తడి బొత్తాలూ తళతళలాడించకండి. రైఫిల్ దళాల ఆచారం నల్ల బొత్తాం, ఎండలో మెరిసి మనిషిని పట్టివ్వకూడదని. దామనపల్లి తరువాత ఆ కొండల్లో తిరిగే ఏ దొరకైనా ఆ ఆచారం విలువ తెలియకుండా ఉంటుందా!