బయాప్సీ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా? టెస్టుకు ముందు, తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకోండి

మెడ దగ్గర చిన్న గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. స్కాన్ చూసిన డాక్టర్ ‘బయాప్సీ చేయాలి’ అన్నారు. అంతే.. ఇంటికొచ్చేసరికి సలహాలు మొదలు. ‘సూది తగిలితే పాకిపోతుందట’ అని ఒకరు, ‘గడ్డను కదిపితే ముదురుతుంది, ముందు నాటు మందు వాడి చూద్దాం’ అని ఇంకొకరు. ఇలా రెండు నెలలు, మూడు నెలలు గడిచిపోతాయి. అసలు ప్రమాదం సూదితో కాదు.. ఈ ఆలస్యంతోనే!

బయాప్సీ అంటే ఏంటి?

శరీరంలో అనుమానం ఉన్న చోటు నుంచి చిన్న ముక్క తీసి, మైక్రోస్కోప్ కింద పరీక్షించడమే బయాప్సీ. గడ్డ ఎంత ఉంది, ఎక్కడ ఉంది అనేది స్కాన్ చెబుతుంది. అది ఏ జబ్బు అనేది చాలాసార్లు ముక్క చూస్తేనే తేలుతుంది.

బయాప్సీ రాశారంటే క్యాన్సర్ ఖాయమైనట్టు కాదు. మెడ దగ్గర గడ్డనే తీసుకోండి. మన దేశంలో అది టీబీ వల్ల రావడం చాలా మామూలు. టీబీ అయితే ఆర్నెల్ల మందులతో నయమయ్యే అవకాశాలే ఎక్కువ. లింఫోమా అనే క్యాన్సర్ అయితే వైద్యం పూర్తిగా వేరు. చేత్తో తడిమి చూస్తే రెండూ ఒకేలా ఉండొచ్చు. తేడా చెప్పేది ఆ చిన్న ముక్కే. కిడ్నీ నుంచి ప్రొటీన్ ఎందుకు పోతోంది, చర్మం మీద మచ్చ కుష్టు వల్లా, మరో జబ్బు వల్లా.. ఇలాంటి వాటికీ బయాప్సీ చేస్తారు.

పాకుతుందన్న భయం ఎక్కడిది?

ఈ మాట ఊరికే పుట్టలేదు. గతంలో చాలామంది జబ్బు బాగా ముదిరాకే ఆస్పత్రికి వచ్చేవారు. అప్పుడు బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని తేలేది. కొన్ని నెలలకే మనిషి పోయేవారు. చూసినవాళ్లకు మాత్రం ‘ముక్క తీశాకే పోయాడు’ అన్నది గుర్తుండిపోయింది. నిజానికి జబ్బు అప్పటికే పాకి ఉంది.. బయాప్సీ ఆ విషయాన్ని బయటపెట్టింది, అంతే.

సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు పడే అవకాశం ఉందా అంటే.. ఉంది, కానీ చాలా అరుదు. ఆ కొద్దిపాటి రిస్క్ కూడా ఎక్కడ ఉంటుందో డాక్టర్లకు తెలుసు. వృషణంలో గడ్డ ఉంటే మామూలుగా సూది గుచ్చరు, ఆపరేషన్‌తోనే తీస్తారు. ఎముక క్యాన్సర్ అనుమానం ఉంటే, తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జన్‌ టీమ్‌తో మాట్లాడుకున్నాకే బయాప్సీ చేస్తారు. సూది వెళ్లిన దారిని కూడా ఆపరేషన్‌లో తీసేయాల్సి రావొచ్చు కాబట్టి. అందుకే బయాప్సీని ఎక్కడ పడితే అక్కడ కాకుండా, అనుభవం ఉన్న చోట చేయించుకోవాలి.

ఏ రకం ఎవరికి?

సన్నని సూదితో కణాలు మాత్రమే లాగితే అది ఎఫ్ఎన్ఏసీ. థైరాయిడ్ గడ్డలకు ఎక్కువగా మొదట చేసేది ఇదే. కాస్త లావు సూదితో సన్నని పోగులా కండ తీస్తే కోర్ బయాప్సీ. రొమ్ములో గడ్డ అనుమానంగా ఉంటే ఇదే మేలు. ఎందుకంటే కణాల అమరిక కూడా ఇందులో కనిపిస్తుంది. కడుపులో, పేగులో అయితే ఎండోస్కోపీ గొట్టంతోనే ముక్క తీస్తారు. రక్త జబ్బుల అనుమానం ఉంటే తుంటి ఎముక నుంచి మూలుగ తీస్తారు.

నోట్లో పుండు మూడు వారాలు దాటినా మానకపోతే ముక్క తీసి చూడాల్సిందే. గుట్కా, ఖైనీ అలవాటున్న వాళ్లు, శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే మహిళలు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. నోట్లో తెల్ల మచ్చ క్యాన్సర్‌గా మారకముందే దొరికితే, వైద్యం చాలా తేలిక.

టెస్టుకు ముందు డాక్టర్‌కు చెప్పాల్సినవి

* ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నారా? స్టెంట్ వేయించుకున్న వాళ్లు వీటిని సొంతంగా ఆపొద్దు. ఆపాలా, ఎన్ని రోజులు ఆపాలి అనేది గుండె డాక్టర్‌ను అడిగే నిర్ణయించాలి.
* షుగర్ ఉందా? మందులకు అలర్జీ ఉందా? గర్భంతో ఉన్నారా?
* ఖాళీ కడుపుతో రావాలా? పైపై గడ్డలకు సాధారణంగా అక్కర్లేదు. ఎండోస్కోపీకి, మత్తు ఇచ్చి చేసే వాటికి మాత్రం తప్పదు.

బల్ల మీద పడుకున్నాక ఏం జరుగుతుంది?

రొమ్ములో గడ్డకు కోర్ బయాప్సీ ఎలా చేస్తారో చూద్దాం. ముందు చర్మం శుభ్రం చేసి, ఆ చోటు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు. ఎక్కువగా నొప్పి తెలిసేది అప్పుడే.. కొన్ని సెకన్ల మంట. తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది పెడతారు. స్టాప్లర్ కొట్టినట్టు ‘టక్’మని శబ్దం వస్తుంది. కంగారుపడి కదలొద్దు. ఇలా కొన్ని ముక్కలు తీస్తారు. అరగంటలోపే అయిపోతుంది. మామూలుగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

కిడ్నీ, లివర్ బయాప్సీ అయితే కొన్ని గంటలు కదలకుండా పడుకోబెడతారు. లోపల రక్తం కారుతోందేమో కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి.

ఒకటి, రెండు రోజులు కొద్దిగా నొప్పి, కమిలిన మచ్చ మామూలే. కానీ ఒత్తిపట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం, చీము వచ్చినా, ఊపిరితిత్తుల బయాప్సీ తర్వాత ఆయాసం వచ్చినా, కిడ్నీ బయాప్సీ తర్వాత మూత్రం ఎర్రగా వచ్చినా, లివర్ బయాప్సీ తర్వాత కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

రిపోర్టుకు అన్ని రోజులెందుకు?

రక్త పరీక్షలా సాయంత్రానికే రాదు. ముక్కను ముందు ఫార్మలిన్‌లో నానబెట్టాలి. తర్వాత నీరంతా లాగేసి మైనంలో బిగిస్తారు. ఆ మైనం దిమ్మనే ‘బ్లాక్’ అంటారు. దాన్ని 3 నుంచి 5 మైక్రాన్ల మందంతో కోస్తారు.. అంటే తల వెంట్రుక కంటే పది రెట్లకు పైగా సన్నగా! రంగులు వేశాక పాథాలజిస్ట్ చూస్తారు. అందుకే కొన్ని రోజులు పడుతుంది. క్యాన్సర్ అని తేలితే అది ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవడానికి ఐహెచ్‌సీ అనే మరో పరీక్ష చేస్తారు. రిపోర్టు ఆలస్యమైందంటే చెడ్డ వార్తే అని అనుకోనక్కర్లేదు.

టీబీ అనుమానం ఉంటే ఒక మాట ముందే అడగండి. టీబీ కల్చర్‌కు పంపే ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు, అందులో క్రిములు చచ్చిపోతాయి. దాన్ని విడిగా సెలైన్‌లో పంపాలి.

రిపోర్టులో పదాలకు అర్థం

‘బినైన్’ అంటే క్యాన్సర్ కాదు. ‘మాలిగ్నెంట్’ అంటే క్యాన్సర్. ‘డిస్‌ప్లేసియా’ అంటే కణాల్లో తేడా మొదలైంది, ఇంకా క్యాన్సర్ కాలేదు, కానీ వదిలేయకూడదు. ‘ఇన్‌అడిక్వేట్’ అంటే ముక్క సరిపోలేదు, మళ్లీ తీయాలి. స్కాన్‌లో గడ్డ అనుమానంగా ఉండి, బయాప్సీలో ఏమీ లేదని వస్తే.. ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోవద్దు. రెండూ ఎందుకు కలవలేదని డాక్టర్‌ను అడగండి. సూది సరైన చోట పడకపోయి ఉండొచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. కాగితం రిపోర్టుతో పాటు స్లైడ్స్, బ్లాక్ కూడా అడిగి భద్రంగా ఉంచుకోండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆస్పత్రులకు వెళ్లినా, మరో డాక్టర్ అభిప్రాయం కావాలన్నా అవే పనికొస్తాయి. మళ్లీ ముక్క తీయించుకునే బాధ తప్పొచ్చు.

గడ్డ ఏంటో తెలియకుండా నెలలు గడపడం కంటే అరగంట టెస్టు నయం. కాదని తేలితే ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. అవునని తేలితే, వైద్యం అంత ముందు మొదలవుతుంది.

(గమనిక: ఇది అవగాహన కోసం అందించిన సమాచారం మాత్రమే. మీ సమస్యకు ఏ పరీక్ష అవసరమో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.)