క్యారమ్ పౌడర్‌లో ఉన్న బోరాన్ సంగతి

క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్ల పౌడర్ ఉంది కదా, చాలా డబ్బాల్లో అది బోరిక్ యాసిడే. యాసిడ్ అయితే మరి చెయ్యి కాలదేంటి? ఈరోజు ఎపిసోడ్ ఈ డౌట్‌తోనే మొదలుపెడదాం.

బోరాన్ పరమాణు సంఖ్య 5. బయటి కక్ష్యలో ఉన్నవి 3 ఎలక్ట్రాన్లే. మూడు బంధాలు ఏర్పరుచుకున్నా చుట్టూ 6 అవుతాయి, 8కి ఇంకా 2 తక్కువ. అసలు కథంతా ఈ లోటులోనే ఉంది. మామూలు యాసిడ్ తన హైడ్రోజన్‌ని వదిలేస్తుంది. బోరిక్ యాసిడ్ అలా కాదు, నీళ్లలోంచి హైడ్రాక్సైడ్ అయాన్‌ని లాక్కుంటుంది. అప్పుడు నీళ్లలో మిగిలే హైడ్రోజన్ అయాన్ వల్లే ఆ కాస్త ఆమ్ల గుణం. అందుకే అది చాలా బలహీనం. ఇంటర్ వాళ్లూ, లూయీ ఆమ్లం అంటే ఇదే, పరీక్షలో అడుగుతారు!

మరి స్ట్రైకర్ ఎందుకంత జారుతుంది? బోరిక్ యాసిడ్ అణువులు బల్లపరుపుగా ఉంటాయి. పక్కపక్కన హైడ్రోజన్ బంధాలతో అల్లుకుని పల్చటి పొరలవుతాయి. పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ. పేకముక్కల దొంతరని తోస్తే ఎలా జారుతుందో, అలా.

దీని చుట్టం వెలిగారం, అంటే బోరాక్స్. బంగారం పని చేసేవాళ్లు నగ అతికేటప్పుడు ఇది వేస్తారు. వేడికి ముందు పొంగుతుంది, తర్వాత గాజులా కరిగి లోహం మీది ఆక్సైడ్ పొరని తనలో కలిపేసుకుంటుంది. లోహం శుభ్రమైతేనే అతుకు పడుతుంది మరి. మీరు చేసే స్లైమ్‌లో కూడా గమ్ గొలుసుల్ని కలిపి కట్టేది బోరేట్ అయాన్లే.

ఇక్కడ కాస్త సీరియస్‌గా వినండి. 2023లో విదేశాల్లో టిక్‌టాక్‌లో ఒక ట్రెండ్ నడిచింది: నీళ్లలో బోరాక్స్ కలుపుకుని తాగితే కీళ్ల నొప్పులు పోతాయట! అది మందు కాదు. మింగితే వాంతులు, విరేచనాలు, ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. బొద్దింకల మందులో వాడేదీ ఈ బోరిక్ యాసిడే. ఒకప్పుడు పసిపిల్లల ఒరుపులకి బోరిక్ పౌడర్ రాసేవాళ్లు. ఒరుసుకుపోయిన చర్మం గుండా ఒంట్లోకి చేరి పిల్లలు చనిపోయిన కేసులూ ఉన్నాయి.

కాబట్టి అలాంటి ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి వస్తే ఊరుకోకండి. క్యారమ్ ఆడాక, బజ్జీల ప్లేటు ముట్టుకునే ముందు, చేతులు కడుక్కోండి. డబ్బాని చిన్నపిల్లలకి అందకుండా పైన పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!